నిండుగా వెనక్కొచ్చిన సకినాల డబ్బా

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 33. పుట్టిల్లు రావులపాలెం వైపు, మెట్టినిల్లు కరీంనగర్. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఆవిడని ఈమె అత్తమ్మ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. మూడేళ్ల క్రితం ఆఫీసు స్నేహితురాలు బలవంతం చేస్తే ఒక ఇండోర్ వాల్ (రాళ్లెక్కడం నేర్చుకోవడానికి నాలుగు గోడల మధ్య కట్టిన ఎత్తైన గోడ) ఎక్కడానికి వెళ్లారట. ఇక వదల్లేదు. ఇప్పుడు ఒక క్లైంబింగ్ క్లబ్బులో సభ్యురాలు. చలికాలం ఆదివారాల్లో క్లబ్బువాళ్లంతా ఊరి చివర రాళ్ల దగ్గరికి వెళ్లి ఎక్కుతారు.

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లిన ఆదివారం రాళ్ల దగ్గరే కలుద్దామని, తలా ఒక పిండివంట తెచ్చుకుందామని క్లబ్బులో అనుకున్నారు. సంగతి విని అత్తమ్మ రెండు రోజులు కూర్చుని 150 సకినాలు చుట్టారు, నువ్వుల లడ్డూలు కట్టారు. 62 ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. పెద్ద స్టీలు డబ్బా నింపి ఇచ్చారు. తీరా పొద్దున్నే అక్కడ మూత తీస్తే, "నూనె చేతికంటితే పట్టు దొరకదు, నాకొద్దు" అన్నాడు ఒకబ్బాయి. ఒకమ్మాయి "ఇందులో నువ్వులున్నాయా?" అని అడిగి, ఉన్నాయనగానే రెండడుగులు వెనక్కి జరిగింది. మిగతావాళ్లు ఖర్జూరాలు, ఎనర్జీ బార్లు తిన్నారు. పది దాటి ఎండ ఎక్కగానే అందరూ హోటల్‌కి టిఫిన్‌కి వెళ్లిపోయారు. డబ్బాలో పది కూడా తగ్గలేదు.

తిరిగొస్తూ ఈమె ఆ డబ్బాని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో ఇచ్చేశారు. మర్నాడు వాచ్‌మన్ భార్య డబ్బా తోమి తెచ్చిస్తూ, "మా అమ్మ చేసిన తీర్గనే ఉన్నయమ్మా" అందట. ఇంట్లో మాత్రం ఆ రోజే "ఒక్కటి కూడా మిగల్లేదు అత్తమ్మా, పోటీపడి తిన్నారు" అని చెప్పేశారు. సాయంత్రం అత్తమ్మ కరీంనగర్‌లో ఉన్న చెల్లెళ్లందరికీ ఫోన్ చేసి ఆ మాట చెప్పుకున్నారు. "ఆ ఫోన్లు వింటూ వంటింట్లో నిలబడ్డాను. ఆ రాత్రి అన్నం సహించలేదు" అని రాశారు.

మళ్లీ సంక్రాంతి వస్తోంది. ఈసారి 30 మందికి తినుబండారాల బాధ్యత క్లబ్బువాళ్లు ఈమెకే అప్పగించారు. ఆ అమ్మాయి గ్రూపులో "నాకు నువ్వులు పడవు, కాస్త గుర్తుపెట్టుకోండి" అని మెసేజ్ పెట్టింది. అత్తమ్మేమో ఈసారి 300 చేస్తానంటున్నారు. పైగా, "నన్ను గూడ తీస్కపోరాదు బిడ్డా, ఆ పిల్లలు తింటుంటే జూస్త" అని అడిగారు. అటు పుట్టింట్లో అమ్మ "ఎప్పుడూ వాళ్ల సకినాలేనా, నా అరిసెలు పట్టుకెళ్లకూడదా" అంటోంది. భర్త మాత్రం "టెన్షన్ ఎందుకు, షాపులో కొనెయ్, అమ్మకి ఏదో ఒకటి చెప్పు" అంటున్నారు.

ఉత్తరం చివర ఇలా ఉంది: "ఆవిడ బాధపడకూడదనే అబద్ధం చెప్పాను. ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది. ఇంకోటి కూడా చెప్పాలి. అందరూ బార్లు, బాటిళ్లు తెచ్చుకున్న చోట నేనొక్కదాన్నే స్టీలు డబ్బాతో నిలబడ్డాను. అసలు నేను ఈ గుంపులో మనిషినేనా అనిపించింది. ఏం చేయమంటారు?"

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే వాచ్‌మన్ భార్య అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. డబ్బా వెనక్కొచ్చిందన్న బాధలో మీకది కనపడలేదేమో. మీ అత్తమ్మ చేతి సకినం తిని ఒక మనిషి వాళ్లమ్మని తలుచుకుంది. పిండివంట చేసే మనిషికి ఇంతకన్నా కావలసిన కబురు ఏముంటుంది? ఆ కబురు నిరుటి నుంచి మీ దగ్గరే ఉండిపోయింది. దాన్ని అలా ఉంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ రోజు రాళ్ల దగ్గర ఏం జరిగిందో చూద్దాం. మీరు దాన్ని తిరస్కారంగా తీసుకున్నారు. నాకలా అనిపించలేదు. జనవరి పొద్దుటి చలి రాళ్లెక్కేవాళ్లకి ఎంత విలువైనదో నాకన్నా మీకే బాగా తెలుసు. గాలి చల్లగా ఉంటుంది, అరచేతులకి చెమట పట్టదు, గ్రానైటు మీద వేళ్లకి పట్టు బాగా దొరుకుతుంది. పది దాటితే బండ వేడెక్కుతుంది, ఆ రోజుకి ఇక అంతే. ఆ మూడు గంటల కోసం వారమంతా ఎదురుచూసినవాళ్లు చేతులకి చాక్ పూసుకుని నిలబడితే, మీరు వాళ్ల ముందు నూనెలో వేగిన వంట మూత తీశారు. చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. చెమట తడిని పీల్చుకుంటుంది కానీ నూనెనేమీ చేయలేదు. జిడ్డు వేళ్ల మీద చాక్ వేస్తే అది పేస్టులా మారి ఇంకా జారుతుంది. ఆ జిడ్డు ఎక్కినవాళ్ల చేతితోనే ఆగదు. రాతి పట్టు మీద ఉండిపోయి, వెనక వచ్చేవాళ్లనీ జారుస్తుంది. కాబట్టి ఆ అబ్బాయి అన్నది మీ అత్తమ్మ వంటని కాదు. వాడి గొంతు కాస్త మొరటుగా ఉండి ఉండొచ్చు, మాటలో మాత్రం తప్పులేదు. కడుపు సంగతీ అంతే. వేయించిన పదార్థం అరగడానికి చాలాసేపు పడుతుంది. హార్నెస్ బెల్టు నడుముకి బిగించుకుని, నిండు కడుపుతో గోడకి వేలాడటం ఎవరికీ సుఖంగా ఉండదు.

అదే డబ్బా పదిన్నరకి, చేతులు కడుక్కుని నీడలో చతికిలబడ్డాక తీసి ఉంటే? చెమటోడ్చిన ఒంటికి ఉప్పు కావాలనిపిస్తుంది. సకినం ఉప్పగా, కరకరలాడుతూ ఉంటుంది, ఎండకి కరగదు, వాసన రాదు, వారాల తరబడి నిలవ ఉంటుంది. నన్నడిగితే రాళ్లెక్కి దిగినవాళ్ల కోసమే పుట్టిన తిండి అది. ఒక్కటే చిక్కు, ఊరికే విరిగిపోతుంది. నిటారుగా ఉండే డబ్బాలో దొంతర్లుగా పేర్చి, దొంతరకీ దొంతరకీ మధ్య కాగితం వేసి, పైన ఖాళీ లేకుండా పల్చటి గుడ్డ కుక్కితే ఎంత గతుకుల రోడ్డయినా తట్టుకుంటుంది. మీ క్లబ్బు వెళ్లేది భువనగిరి లాంటి చోటికైతే మూత బిగుతుగా ఉన్న డబ్బా తప్పనిసరి. కోతులకి మనకన్నా ముందే వాసన తెలుస్తుంది.

ఇక నువ్వుల సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా తక్కువ చోటు దీనికి దక్కింది. నేను మాత్రం ఇక్కడ కాసేపు ఆగుతాను.

"పడదు" అన్న మాటని మనం చాలా వాటికి వాడేస్తాం. వంకాయ పడదు, చల్ల నీళ్లు పడవు, నువ్వులు వేడి చేస్తాయి కాబట్టి పడవు. అందుకే ఎవరైనా "నువ్వులు పడవు" అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు "ఒక్కటి తింటే ఏం కాదులే, మజ్జిగ తాగు" అంటారు. ఆ అమ్మాయి చెప్పింది అలర్జీ అయితే లెక్క వేరు. నువ్వుల అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకి కొద్దిపాటి నువ్వులతోనే ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరాడకపోవడం దాకా రావచ్చు. నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికాలో 2023 జనవరి నుంచి పొట్లాల మీద తప్పనిసరిగా రాయాల్సిన ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో నువ్వులని తొమ్మిదోదిగా చేర్చారంటే దీన్ని ఎంత తీవ్రంగా చూస్తున్నారో అర్థం చేసుకోండి. ఆ అమ్మాయి పోయినసారి రెండడుగులు వెనక్కి జరిగిందన్నారు. అది అలర్జీ అయితే, ఆ రెండడుగులూ ఆమె తనని తాను కాపాడుకోవడానికి వేసినవి.

మన సంక్రాంతి పళ్లెంలో నువ్వులు లేని వస్తువు వెతకాలి. సకినాల్లో నువ్వులు, అరిసెల మీద నువ్వులు, లడ్డూలు సరే సరి. పైకి కనపడనివి ఇంకా ప్రమాదం. గోదావరి వైపు "పప్పు నూనె" అంటే నువ్వుల నూనే. మీకు తెలుసు, క్లబ్బులో సగం మందికి తెలియకపోవచ్చు. పొట్లాల మీద తిల్, జింజిలీ, సెసమీ అని ఒక్కో చోట ఒక్కో పేరు ఉంటుంది. ఒకసారి నువ్వులున్నవి వేగిన మూకుడులో తర్వాత ఏది వేసినా అది నువ్వులు తగిలినదే.

కాబట్టి వంట సంగతి తేల్చుకోకముందే ఆ అమ్మాయికి మీరే ఫోన్ చేయండి. గ్రూపులో కాదు, విడిగా. తింటేనే వస్తుందా, తాకినా వస్తుందా? అలర్జీ ముదిరితే వెంటనే వేసుకునే అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంట పెట్టుకుంటుందా? పెట్టుకుంటే ఏ బ్యాగులో? మనం ఏం చేస్తే తను నిశ్చింతగా కూర్చోగలదు? ఆమె జవాబుని బట్టి మీ ముందు రెండు దారులుంటాయి. ఒకటి, ఆ రోజు రాళ్ల దగ్గరికి నువ్వులన్నవే రాకుండా చూడటం. ఆసుపత్రికి దూరంగా, 108 బండి వచ్చేసరికి ఆలస్యమయ్యే చోట ఇదే భద్రం. కానీ అందరికీ ముందే చెప్పాలి, అత్తమ్మ నువ్వుల లడ్డూలు ఇంట్లోనే ఉండిపోతాయి. రెండోది, నువ్వులున్నవీ లేనివీ వేరువేరు డబ్బాల్లో తీసుకెళ్లడం. అలర్జీ తేలికపాటిదై, ఆమె సరేనంటేనే ఇది. అప్పుడు కూడా చేతులు మారతాయి, పళ్లేలు కలుస్తాయి, మీరు రోజంతా డబ్బాలకి కాపలా కాయాలి, అది మీకు ఎక్కే రోజు కాదు. ఆమె "నా తిండి నేనే తెచ్చుకుంటాను" అనవచ్చు కూడా. అంటే నొచ్చుకోకండి. చిన్నప్పటి నుంచి ఆ జాగ్రత్తతోనే బతికి ఉంటుంది. మిగతావాళ్లనీ ఒక్క మెసేజ్‌తో అడిగేయండి, పల్లీలు, జీడిపప్పు, పాలు పడనివాళ్లు కూడా ఉండొచ్చు.

నువ్వుల్లేకుండా చేయడానికి ఏమీ లేదనుకోకండి. వాము, కరివేపాకు, పచ్చిమిర్చి ముద్దతో పప్పు చెక్కలు. వాము జంతికలు. పుట్నాల పొడి, ఎండుకొబ్బరి పెట్టిన గరిజెలు, మీ అమ్మ భాషలో కజ్జికాయలు. పాలూ నెయ్యీ పడేవాళ్లకి సున్నుండలు. అన్నిటికన్నా నాకు ఇష్టమైన సలహా ఒకటుంది: సంక్రాంతి అంటే మూకుడులోంచి వచ్చేవే కాదుగా. చెరకు ముక్కలు, రేగుపళ్లు, ఉడికించిన చిలగడదుంపలు (హైదరాబాద్‌లో రత్నపురి గడ్డ అంటారుగా, అవే) పండగవీ అవుతాయి, రాళ్ల దగ్గరికీ నప్పుతాయి. రేగుపళ్లయితే ఎక్కే మధ్యలో కూడా నోట్లో వేసుకోవచ్చు, వేళ్లకి జిడ్డంటదు. చెరకు పిప్పి వేయడానికి ఒక సంచీ ఉండాలి. 250 కోట్ల ఏళ్లనాటి ఆ బండల సందుల్లో మన చెత్త మిగలకూడదు.

ఇక మెడకి చుట్టుకున్నదాని దగ్గరికి వద్దాం.

మీరు అబద్ధం ఎందుకు చెప్పారో నాకు అర్థమైంది. రెండు రోజులు నేల మీద కూర్చుని చుట్టిన మనిషి ఎదురుగా వచ్చి "తిన్నరా బిడ్డా?" అంటే ఎవరి నోటికైనా అదే వస్తుంది. నేను మిమ్మల్ని తప్పుపట్టను. కానీ అది ఏం చేసిందో చూడండి. నూనె చేతులు, చాక్, ఎండ వేళ, నువ్వులు పడని పిల్ల, ఈ చిక్కులన్నిటినీ విప్పగల మనిషి మీ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. నలభై ఏళ్లుగా పిండితో, నూనెతో, మంటతో మాట్లాడిన మనిషి. ఆవిడకి చిక్కు ఉందనే తెలియదు. తెలియదు కాబట్టి 150 ని 300 చేస్తున్నారు.

చెప్పకుండా ఉండటమూ ఒక దారే. ఈసారి తిండి వేళ మార్చి, వంట మార్చి, అంతా సవ్యంగా జరిగితే పాత సంగతి మరుగున పడిపోవచ్చు. చాలా ఇళ్లలో ఇలాగే పడిపోతాయి. కానీ ఆవిడ మీతో వస్తానంటున్నారు. వస్తే ఎవరో ఒకరిని "పోయినసారి సకినాలు ఎట్లున్నయి?" అని అడుగుతారు. ఆ పిల్లలకి ఏం తెలుసు, "అయ్యో, మేం తినలేదు ఆంటీ" అంటారు. ఆ మాట పరాయివాళ్ల నోట, నలుగురిలో వినడం మీరు చెబితే వినడంకన్నా చాలా కష్టం. ఆవిడ్ని రానివ్వకుండా ఏదో ఒక సాకు చెప్పారనుకోండి, అది రెండో అబద్ధం అవుతుంది. దానికి ఆవిడ ముఖం ఎలా మారుతుందో మీరే ఊహించగలరు.

చెప్పాలనుకుంటే బియ్యం నానబోయక ముందే చెప్పండి. పొయ్యి మీద నూనె ఉన్నప్పుడు వద్దు, మీ ఆయన పక్కన ఉన్నప్పుడూ వద్దు. మధ్యాహ్నం ఆవిడ మోకాళ్లకి నూనె రాసుకుని కూర్చున్నప్పుడు పక్కన కూర్చోండి. నేనైతే ఇలా మొదలుపెడతాను: "అత్తమ్మా, పోయినసారి డబ్బా సంగతి మీకు వేరేలా చెప్పాను. వాళ్లు అప్పుడు ఎక్కే హడావిడిలో ఉన్నారు, చేతికి నూనె అంటకూడదని తినలేదు. నేనే వేళ కాని వేళ మూత తీశాను. వాచ్‌మన్ వాళ్లింట్లో ఇచ్చాను. మర్నాడు వాళ్లావిడ వచ్చి వాళ్లమ్మ చేసినట్టే ఉన్నాయంది. మీరు బాధపడతారని చెప్పలేకపోయాను." ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు, ఆవిడ వంటని చిన్నబుచ్చిందీ లేదు. వాచ్‌మన్ భార్య మాట దాచి ఉంచమన్నది ఇందుకే.

ఆవిడ బాధపడరని హామీ ఇవ్వలేను. సకినాలు మిగిలాయన్న దానికంటే చెల్లెళ్లకి చేసిన ఫోన్ల దగ్గర ఎక్కువ నొచ్చుకుంటారు. రెండు రోజులు మీతో ముభావంగా ఉండొచ్చు. "గప్పుడే జెప్పొద్దా" అంటారు. అన్నప్పుడు "చెప్పాల్సింది" అనండి, అంతకుమించి వివరణలు వద్దు. ఆ చెల్లెళ్లకి మళ్లీ ఏం చెప్పాలన్నది ఆవిడ ఇష్టం, మీరు జోక్యం చేసుకోకండి. మొత్తం చెప్పే ధైర్యం చాలకపోతే కనీసం నువ్వుల సంగతి, తినే వేళ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పండి. అవి ఆగవు.

నువ్వుల్లేని సకినం అనగానే ఆవిడ "నువ్వుల్లేకుంటే అది సకినమెట్లయితది?" అనొచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మీరు వంట గురించి వాదించకండి, ఆ పిల్ల గురించి చెప్పండి. తింటే ఊపిరాడదు అని చెబితే, పిల్లల్ని పెంచిన ఏ తల్లికీ మళ్లీ చెప్పక్కర్లేదు. వాముతో ఎలా కుదురుతుందో, పిండిలో తడి ఎంత ఉండాలో ఆవిడే తేల్చుకుంటారు. మీరు చూడాల్సింది ఆవిడ దృష్టికి రాని చోట్లు: పోయినేడాది సకినాలు ఆరబెట్టిన గుడ్డ పోగుల్లో నువ్వుగింజలు ఇరుక్కుని ఉంటాయి, జల్లెడ అంచులోనూ ఉంటాయి. కొత్త గుడ్డ, కడిగిన జల్లెడ, తాజా నూనె. నువ్వుల్లేని వాయి ముందు, నువ్వులవి ఆ తర్వాత, వీలైతే వేరే రోజు. ఇంత చేసినా ఇంటి వంటకి నూటికి నూరు పాళ్లు గ్యారంటీ ఇవ్వలేమని ఆ అమ్మాయికి నిజం చెప్పి, తినాలో వద్దో తననే నిర్ణయించుకోనివ్వండి.

300 మాత్రం వద్దు. రకరకాల వంటలు ఉన్నచోట మనిషికి మూడు నాలుగు సకినాలకంటే దిగవు. 30 మందికి 100 చాలు, చుట్టాలకి పంపేవి వేరే లెక్క. ఆ వందకి కూడా ఆవిడ మోకాళ్లు ఒప్పుకుంటాయా అన్నది చూసుకోవాలి.

ఇక్కడ నాకు ఇంకో ఆలోచన వచ్చింది, నచ్చితే తీసుకోండి. తెలంగాణ పల్లెల్లో సకినాలు ఒంటరిగా చేసుకునే వంట కాదు. ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వాడకట్టు ఆడవాళ్లంతా చేరి గుండ్రంగా కూర్చుని చుట్టేవాళ్లు. హైదరాబాద్ ఫ్లాటులో మీ అత్తమ్మకి ఆ వాడకట్టు లేదు, ఆవిడ రెండు రోజులు ఒక్కరే కూర్చున్నది అందుకే. క్లబ్బులో మీకు దగ్గరైన నలుగురైదుగురిని శనివారం ఇంటికి పిలవండి. ఆ నూనె వద్దన్న అబ్బాయినీ పిలవండి. సకినం చుట్టడం మీరు చూసే ఉంటారు: తడిపిండి ముద్ద చేతిలోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడుతూ, సన్నటి తాడులా గుడ్డ మీదికి దించుతూ, చుట్టు పక్కన చుట్టు తెగకుండా తిప్పుతారు. మునివేళ్లతో బండ అంచు పట్టుకుని ఒళ్లంతా మోసేవాళ్లకి కూడా ఆ మెలిక మొదటి రోజు పట్టుబడదు. వేళ్ల బలం అంటే ఏమిటో తెలిసిన పిల్లలు కాబట్టి ఆవిడ చేతుల విలువ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ గుడ్డ ముందు పది నిమిషాలు కూర్చుంటే చాలు. ఆవిడకి వాళ్లు తింటుంటే చూడాలన్న కోరిక ఆ రోజే, సొంత ఇంట్లో, తీరుతుంది. కాకపోతే వంటింట్లోకి కొత్తవాళ్లు రావడం ఆవిడకి ఇష్టమేనా అని ముందే అడగండి. కొందరు పెద్దవాళ్లకి పండగ వంట దగ్గర పట్టింపులుంటాయి. వద్దంటే హాల్లో గుడ్డ పరచండి. అదీ వద్దంటే ఇంతటితో వదిలేయండి.

మీ ఆయన చెప్పిన షాపు దారి గురించి కూడా న్యాయంగా చెప్పాలి. కొనడం తప్పేమీ కాదు. ఆవిడ ఆరోగ్యం బాగోకపోతే అదే సరైన పని. కానీ బయట పిండివంటల్లో ఏ నూనె వాడారో, ఏ మూకుడులో వేయించారో కనుక్కోవడం కష్టం, నువ్వుల చిక్కు అక్కడ ఇంకా పెద్దదవుతుంది. ఇక "అమ్మకి ఏదో ఒకటి చెప్పు" అన్న మాటని ఆయనకే తిరిగి ఇచ్చేయండి. ఆవిడ ఆయన తల్లి. కొనాలని నిర్ణయమైతే ఆ సంగతి ఆయన నోటితోనే చెప్పాలి.

మీ అమ్మ అరిసెల గురించి ఎక్కువ ఆలోచించకండి. నువ్వులద్దకుండా, వేరే నూనెలో చేయమని అడిగితే అమ్మ కాదనదు. చెక్కల మధ్య బాగా నొక్కి నూనె పిండేయమనండి, నాలుగు ముక్కలుగా కోసి తీసుకెళ్లండి. ఎవరివి ముందు అయిపోయాయన్న లెక్క మాత్రం రెండిళ్లకీ చేరనివ్వకండి. ఈసారి రెండూ మోయలేననిపిస్తే, అరిసెలు ఉగాది అప్పుడు తీసుకెళ్తానని అమ్మతో తేల్చి చెప్పేయండి, అమ్మ దగ్గర ఆ చనువుంది మీకు.

మీరు చివర్లో రాసిన ప్రశ్న, ఆ గుంపులో మనిషినేనా అన్నది. వాళ్లు ఈ ఏడాది 30 మంది తిండి మీ చేతిలో పెట్టారు. తమ మనిషి కాదనుకుంటే పెట్టేవాళ్లా? రాళ్లెక్కడం బార్లూ బాటిళ్లూ ఉన్నవాళ్ల సొత్తని మీకెప్పుడైనా అనిపిస్తే, నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణని తలుచుకోండి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ భువనగిరి బండ మీద మొదటి పాఠాలు నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకి 14 ఏళ్లు కూడా నిండలేదు. మీ స్టీలు డబ్బాకి అక్కడ చోటు లేదని మీకు మీరే అనుకున్నారు, వాళ్లెవరూ అనలేదు. అయినా ఆ సందేహం ఒక్క పండగతో పోయేది కాకపోవచ్చు. పోకపోతే క్లబ్బులో మీకు నమ్మకమున్న ఒక్కరితో, ఆ మొదట తీసుకెళ్లిన స్నేహితురాలితోనైనా, ఈ మాట పైకి అనండి.

అత్తమ్మని రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలా అన్నది చివరికి మీరూ ఆవిడా కలిసి తేల్చుకోవాల్సిందే. వెళ్తే ఆవిడకి కొంత నిరాశ కూడా ఎదురు కావచ్చు. పిల్లలు తినేది పదిహేను నిమిషాలు, ఎక్కేది మూడు గంటలు. కోడలు తాడు కట్టుకుని అంత ఎత్తున ఉంటే కింద నిలబడి చూడటం తేలిక కాదు, భయపడి "దిగు బిడ్డా" అని అరవొచ్చు. ఆ భయంతో ఇకపై వెళ్లొద్దనే ప్రమాదమూ ఉంది. లేదా ఇన్నాళ్లూ ఆదివారం పొద్దున్నే కోడలు ఎక్కడికి పోతోందో మొదటిసారి కళ్లారా చూసి ఊరుకోనూవచ్చు. తీసుకెళ్లేట్టయితే రోడ్డు పక్కనే ఉన్న చోటు ఎంచుకోమని క్లబ్బువాళ్లతో ముందే అనండి, తొమ్మిదిన్నరకి వచ్చేలా మీ ఆయన్ని ఆవిడతో వెనక రమ్మనండి. కారులో ఒక మడత కుర్చీ వేసుకురమ్మనండి, కింద కూర్చుంటే ఆ మోకాళ్లతో లేవలేరు. చేతులు కడుక్కోవడానికి ఒక పెద్ద క్యాను నీళ్లు, సబ్బు ఆ కుర్చీ పక్కనే పెట్టండి. చాక్ చేతులతో వచ్చే ప్రతి ఒక్కరూ ముందు అక్కడ ఆగాలి, ఆ తర్వాతే డబ్బా.